వదిన పాస్‌వర్డు

2019 వసంతంలో, మా వదిన ఆరేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరును నేను ఒక పాస్‌వర్డుతో దెబ్బతీశాను. ఆ పాస్‌వర్డు ఇచ్చింది ఆమే. అడిగింది నేను. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది ఇద్దరు కుర్రాళ్ళు ఇలాంటి పనే మొదలుపెడతామని సలహా కోసం నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ మాటల్లో అప్పటి నా తొందరే వినిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

వదిన అంటే మా పెదనాన్నగారి కోడలు. టెక్సాస్‌లో ఉంటుంది. పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలయ్యాక ఇళ్ళు అమ్మిపెట్టే లైసెన్సుకు చదివింది. టెక్సాస్‌లో ఆ లైసెన్సు కావాలంటే 180 గంటల పాఠాలు పూర్తిచేసి పరీక్ష రాయాలి. అది వచ్చినా సొంతంగా పనిచేయడానికి వీల్లేదు, ఒక బ్రోకరు కింద చేరాలి. పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని చదివింది. మొదటి ఏడాది ఒక్క ఇల్లే అమ్మగలిగింది. ఆరో ఏడు వచ్చేసరికి మా చుట్టుపక్కల ఏ తెలుగు కుటుంబం ఇల్లు కొనాలన్నా ముందు ఆమెకే ఫోన్ చేసేది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. అమెరికాలో మనవాళ్ళు ఊళ్ళు మారుతూనే ఉంటారు. షార్లెట్‌లో ప్రాజెక్టు అయిపోతే డాలస్, అక్కడినుంచి అట్లాంటా, ఫీనిక్స్. మారిన ప్రతిసారీ అవే ప్రశ్నలు: ఇల్లు తూర్పు ముఖమా, బడి ఎలాంటిది, ఆస్తి పన్ను ఎంత, అమ్మానాన్నలు వస్తే పడుకోవడానికి కింద ఒక పడకగది ఉందా. ఈ ప్రశ్నలన్నిటికీ ఒక్కచోట జవాబు దొరికేలా, నాలుగు నగరాల ఇళ్ళను పక్కపక్కన పెట్టి చూపించే వెబ్‌సైటు కట్టాలనుకున్నాను. మూడు నెలల పని అని లెక్క వేసుకున్నాను.

ఆ లెక్క వేసేటప్పటికి అమెరికాలో ఇళ్ళ వివరాలు ఎక్కడ ఉంటాయో కూడా నాకు సరిగా తెలియదు. ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా దేశంలోని ఇళ్ళన్నీ కనిపిస్తాయి కదా, వెనకాల ఎక్కడో ఒక పెద్ద గిడ్డంగి ఉంటుందనుకున్నాను. అలాంటి గిడ్డంగి లేదు. ఉన్నవి ఎంఎల్ఎస్‌లు, అంటే ప్రాంతానికొకటిగా ఏజెంట్లు కలిసి నడుపుకునే ఇళ్ళ పట్టీలు. ఇప్పుడు అలాంటివి దేశం మొత్తం మీద సుమారు అయిదు వందలు ఉన్నాయి. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువే. దక్షిణ కాలిఫోర్నియా నుంచి మొదలై లక్షమందికి పైగా ఏజెంట్లు వాడే సీఆర్ఎంఎల్ఎస్ ఒకటి. మేరీల్యాండ్, వర్జీనియా, పెన్సిల్వేనియా వైపు బ్రైట్. మధ్య ఫ్లోరిడా వైపు స్టెల్లార్. సియాటిల్ వైపు నార్త్‌వెస్ట్, అది బ్రోకర్లే యజమానులుగా నడుపుకునేది. ఒక్క టెక్సాస్‌లోనే డాలస్‌ది ఒకటి, హ్యూస్టన్‌ది ఒకటి, ఆస్టిన్‌ది ఒకటి, శాన్ ఆంటోనియోది ఇంకొకటి. ఎవరి నియమాలు వారివి, ఎవరి రుసుములు వారివి.

ఇవి ఎలా పుట్టాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఊళ్ళలోని బ్రోకర్లు తమ సంఘం ఆఫీసులో కూర్చుని, తమ దగ్గర అమ్మకానికి ఉన్న ఇళ్ళ వివరాలు ఒకరికొకరు చెప్పుకునేవారు. నా ఇంటికి నువ్వు కొనేవాణ్ణి తెస్తే నా కమీషనులో నీకింత అని మాట ఇచ్చుకునేవారు. 1908లో షికాగోలో వాళ్ళకు జాతీయ సంఘం ఏర్పడింది. చీటీలు పోయి కార్డులు, కార్డులు పోయి అచ్చు పుస్తకాలు, పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చినా అడుగున ఉంటూ వచ్చింది ఆ మాటే. కమీషనులో వాటా రాసే గడి మాత్రం ఇప్పుడు లేదు. జాతీయ సంఘం మీద నడిచిన దావాలో 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్ల రాజీ కుదిరాక, ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి దాన్ని పట్టీల్లోంచి తీసేశారు. పట్టీకి పుట్టుక ఇచ్చిన ఒప్పందమే అందులోంచి పోయింది. పట్టీ మాత్రం నిలిచింది, ఎందుకంటే దాన్ని నిలబెడుతున్నది ఒకరు రాసింది ఇంకొకరు నమ్మడం. ఆ నమ్మకంలో వాటా కావాలంటే ముందు అందులో సభ్యుడివి కావాలి. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఏటి ఒడ్డున ఇసుకలాగా అది ఎవరైనా ఎత్తుకుపోగలిగినదే అనుకున్నాను.

ఒక శనివారం రాత్రి భోజనాలయ్యాక వదినను అడిగాను.

"వదినా, మీ ఎంఎల్ఎస్ లాగిన్ ఒక్క పది రోజులు ఇస్తారా? వివరాలు ఎలా ఉంటాయో చూసి ప్రోగ్రాము రాసుకుంటాను."

"అలా ఇవ్వకూడదయ్యా. చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు."

"నేనేమన్నా బయటివాణ్ణా? అందులో ఏమీ మార్చను. చూస్తానంతే."

ఆమె కాసేపు మాట్లాడలేదు. అన్నయ్య అప్పుడే లోపలికి వచ్చి "ఇంట్లో వాడికి ఇవ్వడానికేంటి" అన్నాడు. పిల్లల హోంవర్కు కాగితం అంచు చింపి దాని మీద రాసి ఇచ్చింది. లాగిన్ అయిన ప్రతిసారీ ఆమె ఫోన్‌కు ఆరంకెల కోడు వచ్చేది. రోజూ పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపి, కారులోంచే దాన్ని నాకు వాట్సాప్‌లో పంపేది. పది రోజులన్నది రెండు నెలలయింది. ఒక్కరోజు కూడా ఎందుకింకా అని అడగలేదు.

మిగతా మూడు నగరాల్లో స్నేహితుల ద్వారా ఇద్దరు ఏజెంట్లు పరిచయమయ్యారు. వాళ్ళు ఫైళ్ళు దింపి పంపేవారు. దొరకనివి వేరే వెబ్‌సైట్ల నుంచి ప్రోగ్రాముతో లాగేశాను. ఏ ఒప్పందమూ చదవలేదు, ఎవరి అనుమతీ అడగలేదు.

నాలుగు చోట్ల నుంచి వచ్చినవాటిని ఒక్క పట్టికలో పోశాక తెలిసింది, అవి ఒకే భాష కావని. స్నానాల గదులే తీసుకోండి. ఒక చోట రెండు పూర్తి గదులు, ఒక సగం గది ఉంటే 2.5 అని రాస్తారు. ఇంకో చోట అదే ఇంటికి 2.1 అని రాస్తారు. చుక్కకు ముందున్నవి పూర్తివి, తర్వాతివి సగానివి. నా ప్రోగ్రాము రెంటినీ దశాంశాలుగా చదివింది. రెండు పూర్తి, రెండు సగం గదులున్న 2.2 ఇల్లు, ఒక్కటే సగం గది ఉన్న 2.5 ఇంటికన్నా చిన్నదయిపోయింది. స్థలం విస్తీర్ణం ఒక చోట ఎకరాల్లో, ఇంకో చోట చదరపు అడుగుల్లో వచ్చింది. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. పావు ఎకరం స్థలం 0.25 అని వస్తే నా పట్టికలో అది పావు చదరపు అడుగుగా కూర్చుంది. అట్లాంటా వైపు ఇళ్ళకు నేలమాళిగలు ఉంటాయి. ఒకరు దాన్ని ఇంటి వైశాల్యంలో కలుపుతారు, ఒకరు కలపరు. టెక్సాస్ ఇళ్ళకు నేలమాళిగ ఉండడమే అరుదు. అయినా రెండు ఊళ్ళ ఇళ్ళకూ చదరపు అడుగుకు ఇంత ధర అని లెక్కకట్టి, పక్కపక్కన పెట్టి, ఇక్కడ చవక అక్కడ ప్రియం అని రంగులు వేశాను.

ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మా నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. నలభై ఏళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు చిన్న బల్ల వేసుకుని బతికాడు. మాకు ఎకరానికి వంద సెంట్లు. ఖమ్మంలో ఉన్న మా పెద్దమ్మవాళ్ళకు ఎకరానికి నలభై కుంటలు. ఎకరం రెండు చోట్లా ఒకటే, కానీ సెంటు అంటే 48.4 గజాలు, కుంట అంటే 121 గజాలు. పెద్దమ్మ కొడుకు పొలం కాగితం తెచ్చినప్పుడు నాన్న ముందు చూసేది సంఖ్య కాదు, దాని పక్కన ఉన్న మాట. ఆ బల్ల పక్కన పెరిగినవాణ్ణి, పక్కనున్న మాటను చూడకుండా సంఖ్యలను కలిపేశాను.

ఈ తేడాలు తెలిసినవాళ్ళు నా కన్నా ముందే ఉన్నారు. పట్టీల మధ్య వివరాలు పంపుకోవడానికి రెట్స్ అనే పద్ధతి 1999లో వచ్చింది. తర్వాత రెసో అనే ప్రమాణాల సంస్థ ఒక నిఘంటువు తయారుచేసింది. ఏ గడికి ఏ పేరు, ఏ గడిలో ఏం రాయాలి అన్నది అందులో ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు. నేను చదవలేదు. నా గడుల పేర్లు నేనే పెట్టుకున్నాను.

అందరికన్నా ముందు నష్టపోయింది షార్లెట్ నుంచి వచ్చిన ఒక కుటుంబం. టెక్సాస్‌లో ఇల్లు కొనేవాడు చిన్న మొత్తం చెల్లించి, కొన్ని రోజుల్లోపు ఏ కారణానికైనా వెనక్కి తగ్గే హక్కు తెచ్చుకుంటాడు. దాన్ని ఆప్షన్ అంటారు. ఆ గడువులో ఇల్లు మా వైపు పట్టీలో 'యాక్టివ్ ఆప్షన్ కాంట్రాక్టు' అని కనిపిస్తుంది. పేరులో యాక్టివ్ ఉంది కాబట్టి ఆ ఇళ్ళు ఇంకా దొరుకుతాయని నా ప్రోగ్రాముకు చెప్పాను. ఆ భార్యాభర్తలు, చంటిబిడ్డతో, శుక్రవారం సెలవు పెట్టి విమానంలో వచ్చారు. చూడాలనుకున్న అయిదు ఇళ్ళలో మూడు అప్పటికే వేరేవాళ్ళ ఒప్పందంలో ఉన్నాయి. వదినే వాళ్ళను తిప్పింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఆ అమ్మాయి కారులో ఏడ్చింది. నీ సైటు చూసి వచ్చామంది. నేను నీ పేరు చెప్పలేదు" అంది.

నేను ఆ స్టేటస్ ఒక్కటి సరిచేసి మళ్ళీ పనిలో పడ్డాను.

తూర్పు ముఖం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సైటును అందరూ వాడింది దానికోసమే. ఇల్లు ఏ దిక్కుకు చూస్తుందో రాసే గడి పట్టీల్లో ఉంటుంది. చాలామంది ఏజెంట్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ ఉన్నచోట నేను మ్యాపు తీసుకుని, ఇంటి ముందున్న వీధి ఎటు ఉందో చూసి, దిక్కు ఊహించి నింపేశాను. వంపు తిరిగిన వీధుల్లో, మూల స్థలాల్లో, గ్యారేజీ ఒక వీధికి తలుపు ఇంకో వీధికి ఉన్న ఇళ్ళలో అది తప్పింది. తప్పుతుందని నాకు తెలుసు. అయినా తెర మీద 'తూర్పు' అనే చూపించాను. 'మా ఊహ' అన్న మాట చేర్చలేదు. ఖాళీ గడి ఉంటే సైటు పేదగా కనిపిస్తుందనిపించింది.

ఇంకొక పని కూడా చేశాను. టెక్సాస్‌లో ఆస్తి పన్ను రికార్డుల్లో ఇంటి యజమానుల పేర్లు అందరికీ కనిపిస్తాయి. వాటిలో మన ఇంటిపేర్లు లెక్కపెట్టి, ఏ వీధిలో మనవాళ్ళెందరో చూపించే బొమ్మ గీశాను. వదినకు గర్వంగా చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది. ఎవరు ఏ వీధిలో ఉన్నారో చెప్పి కొనేవాళ్ళను అటు నడిపించడం ఇక్కడ ఏజెంట్లకు నిషిద్ధం. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం అది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇళ్ళు ఇవ్వకపోవడం, చూపించకపోవడం చట్టవిరుద్ధమయ్యింది దానితో. "మమ్మల్ని ఒకరు ఇలా లెక్కపెట్టి, ఆ వీధి వద్దంటే నీకెలా ఉంటుంది?" అని అడిగింది. ఆ బొమ్మ తీసేశాను. కానీ ఆమె అప్పుడు చెప్పిన మాట, వివరం వెనక మనుషులుంటారన్న మాట, మిగతా పనికి వర్తిస్తుందని నాకు తట్టలేదు.

మే నెల మొదటి వారంలో అన్నిటికన్నా పెద్ద తప్పు చేశాను. ఏజెంటు లాగిన్‌లో కనిపించేవి, బయటివాళ్ళకు కనిపించేవి ఒకటి కావు. ప్రతి ఇంటికీ రెండు రకాల వ్యాఖ్యలు ఉంటాయి. ఒకటి బయటికి రాసేది: కొత్త వంటగది, పెద్ద పెరడు, అలాంటివి. రెండోది ప్రైవేట్ రిమార్క్స్. అది ఒక ఏజెంటు ఇంకో ఏజెంటుకు మాత్రమే చెప్పేది: తాళం ఎక్కడ, కుక్క ఉందా, ఎప్పుడు వెళ్ళాలి. నాలుగు చోట్ల నాలుగు పేర్లున్న గడులను కుదించే తొందరలో, వ్యాఖ్యల గడులన్నిటినీ ఒక్కటిగా కలిపేసి 'ఇంటి వివరాలు' అని పేరు పెట్టాను. ఇళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయో కూడా చూపించాను. టెక్సాస్‌లో అమ్మకపు ధరను ప్రభుత్వానికి చెప్పాలన్న చట్టం లేదు. ఆ ధరలు ఉండేది ఏజెంట్ల పట్టీలోనే, పరస్పర నమ్మకం మీద. ఆ నమ్మకాన్నీ తెర మీద పరిచాను.

ఆ కలిపిన గడుల్లో ఒక ఇల్లు ఇలా ఉంది. ఇంటావిడ ఒంటరిగా ఉంటారు, వినికిడి తక్కువ. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం డయాలసిస్‌కు వెళతారు, ఆ సమయంలో ఇల్లు చూపించండి. పక్క గేటు కోడు ఇది. మందులు వంటింట్లో ఉంటాయి, దయచేసి కదపకండి.

ఆ నాలుగు వాక్యాలు పదకొండు రోజులు నా సైటులో ఉన్నాయి. ఎవరైనా చదవగలిగేవారు. ఆమె ఎప్పుడు ఇంట్లో ఉండదో, గేటు ఎలా తెరుచుకుంటుందో, తెలుగు వెతుకులాట పెట్టెలో వీధి పేరు కొట్టిన ఎవరికైనా తెలిసేది.

కనిపెట్టింది ఆ ఇంటి ఏజెంటు. కొనడానికి వచ్చిన ఒక తెలుగు దంపతులు, పాపం మంచికే, "ఆవిడకు ఇబ్బంది కలగకుండా శనివారం మధ్యాహ్నం వస్తాం" అన్నారట. ఆ సంగతి మీకెలా తెలుసని ఆమె అడిగింది. వాళ్ళు ఫోన్ తీసి చూపించారు. తన వాక్యాలను తాను గుర్తుపట్టడానికి ఆమెకు ఎంతసేపు పడుతుంది?

పట్టీ నిర్వాహకుల నుంచి వదిన బ్రోకరుకు ఉత్తరం వచ్చింది. ఏ లాగిన్ నుంచి, ఏ రోజు, ఎన్ని ఇళ్ళ వివరాలు బయటికి పోయాయో వాళ్ళ దగ్గర లెక్క ఉంది. వదిన ప్రవేశం ఆపేశారు. బ్రోకరుకు జరిమానా పడింది, అది ఆమె నుంచే వసూలయింది. ఇళ్ళ అమ్మకాలు ముమ్మరంగా సాగే వేసవిలో ఆమెకు పట్టీ లేదు. అప్పటికి ఆమె చేతిలో మూడు కుటుంబాలు ఉన్నాయి. ముగ్గురినీ అదే ఆఫీసులో వేరే ఏజెంటుకు అప్పగించాల్సి వచ్చింది. తిరిగి చేరాలంటే నియమాల మీద మళ్ళీ తరగతులకు కూర్చోమన్నారు. ఆరేళ్ళ కిందట వంటింటి బల్ల మీద చదివిన పాఠాల్లో మొదటిది మళ్ళీ చదివింది. ఫైళ్ళు పంపిన మిగతా ఇద్దరు ఏజెంట్లు నా ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ళను తప్పుపట్టలేను.

సైటు ఆ రాత్రే మూసేశాను. వదిన ఇంటికి వెళ్ళాను. నన్ను తిట్టలేదు. భోజనం పెట్టింది. చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి అంది: "ఆ రోజు నేనేమన్నా బయటివాణ్ణా అన్నావు. నాకు కాదు. ఆ పట్టీకి నువ్వు బయటివాడివే. అది నాక్కూడా తెలుసు. తెలిసి ఇచ్చాను."

ఆ తప్పులో ఆమె తన వాటా తాను తీసుకుంది. నేను మాత్రం ఒప్పుకోను. ఇవ్వకూడదని ఆమె మొదటి మాటలోనే చెప్పింది. చుట్టరికం అడ్డుపెట్టి ఆ మాటను వెనక్కి నెట్టింది నేను.

ఆ వృద్ధురాలి కూతురు వేరే రాష్ట్రం నుంచి వచ్చి తాళాలు మార్పించిందని తర్వాత తెలిసింది. క్షమించమని ఉత్తరం రాసి ఆ ఏజెంటు ద్వారా పంపాను. జవాబు రాలేదు. ఆ వారంలోనే ఇల్లు అమ్మకం నుంచి తీసేశారు. ఆమెకు ఏ హానీ జరగలేదు. అది నా జాగ్రత్త వల్ల కాదు.

ఆదివారం నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. ఆయన రాసే ప్రతి దస్తావేజులో చెక్కుబందీ ఉంటుంది: తూర్పు ఫలానా వారి గట్టు, పడమర పంట కాలువ, అలా నాలుగు హద్దులు. 1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటరులోకి వచ్చాయి. ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీల పత్రం) కోసం రోజులు తిరిగే అవసరం పోయింది. అయినా కొత్త పొలం దస్తావేజు రాయాల్సి వస్తే నాన్న సైకిలు మీద వెళ్ళి నాలుగు గట్లూ తొక్కి వచ్చేవాడు. ఆ ఫోన్‌లో ఆయన అడిగింది ఒక్కటే. "ఆ నాలుగు ఊళ్ళలో నువ్వు చూసొచ్చిన ఇళ్ళు ఎన్నిరా?" రెండు, అన్నాను. ఒకటి నేను అద్దెకుండేది. రెండోది వదినవాళ్ళది.

ఆ తర్వాత ఏడాది చదవడానికే పెట్టాను. బయటి సంస్థ ఒకటి వాషింగ్టన్ డీసీ ప్రాంతపు పట్టీలోని ఫొటోలు తీసుకుని వాడుకుంటే, 2013లో అప్పీళ్ళ కోర్టు ఆ వాడకాన్ని ఆపే ఉత్తర్వును సమర్థించింది. ఆ తీర్పు చదివాను. ప్రతి ఫొటో వెనక ఒక మనిషి పని ఉందన్న మామూలు విషయం నాకు కోర్టు కాగితంలో చదివితే గానీ ఎక్కలేదు. సరైన దారి ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. అది దాచిపెట్టినదేమీ కాదు. ఐడీఎక్స్ అని ఒక ఏర్పాటు ఉంది. పట్టీలో సభ్యుడైన బ్రోకరు తన సైటులో తోటి బ్రోకర్ల ఇళ్ళను చూపించుకోవచ్చు. మనలాంటి ప్రోగ్రామర్లు ఆ బ్రోకరు తరఫున పనిచేయాలి. బ్రోకరు, ప్రోగ్రామరు, పట్టీ ముగ్గురూ సంతకాలు చేయాలి. ఇల్లు ఏ బ్రోకరుదో పేరు కనిపించాలి. కనీసం పన్నెండు గంటలకొకసారి వివరాలు తాజా కావాలి. నా సైటు వారానికోసారి తాజా అయ్యేది. ఏ గడి బయటికి చూపించవచ్చో, ఏది చూపించకూడదో ఒప్పందంలోనే రాసి ఉంటుంది. నాలుగు నగరాలకు నాలుగు ఒప్పందాలు. కొన్ని పట్టీలను ఒకే చోట నుంచి అందించే మధ్యవర్తి సంస్థలు ఉన్నాయి. అయినా ప్రతి పట్టీ అనుమతి విడిగా రావాల్సిందే. దేశంలో అందరికన్నా పెద్ద ఇళ్ళ సైటు నడిపే జిల్లో కూడా 2021లో బ్రోకరుగా పట్టీల్లో సభ్యత్వాలు తీసుకుని ఐడీఎక్స్ దారిలోకే వచ్చింది. అంత పెద్ద సంస్థ ఒక్కొక్క గడప ఎక్కితే, నేను ఒక్క గడపా ఎక్కకుండా నాలుగిళ్ళలో దూరాను.

వదినకు తొమ్మిది వారాల తర్వాత ప్రవేశం తిరిగి ఇచ్చారు. జరిమానా డబ్బు ఆమెకు ఇచ్చాను, తీసుకుంది. పోయిన మూడు కుటుంబాల కమీషను కూడా ఇవ్వబోతే తీసుకోలేదు.

2022లో ఆమె బ్రోకరు దగ్గరికే వెళ్ళాను. జరిగినదంతా ఆయనకు తెలుసు. నా చేత ఒప్పందంలోని ప్రతి పేజీ ఎదురుగా చదివించుకుని, అప్పుడు సంతకం చేశారు. ఇప్పుడు సైటు ఒక్క ప్రాంతపు ఇళ్ళనే చూపిస్తుంది. మిగతా మూడు నగరాలు లేవు. గడుల పేర్లు రెసో నిఘంటువువే. ప్రైవేట్ రిమార్క్స్ నా దగ్గరికి రానే రావు. దిక్కు గడి ఖాళీగా ఉంటే 'ఏజెంటు రాయలేదు, వెళ్ళి చూడండి' అని తెర మీద వస్తుంది. అలాంటి ఇళ్ళే ఎక్కువ.

మొన్న వచ్చిన ఆ ఇద్దరు కుర్రాళ్ళకు ఈ కథంతా చెప్పాను. ముందు ఒక బ్రోకరు దగ్గరికి వెళ్ళి ఐడీఎక్స్ ఒప్పందం తెచ్చుకుని మొదటి నుంచి చివరిదాకా చదవండి, అది అయ్యాకే ప్రోగ్రాము మొదలుపెట్టండి అన్నాను. ఒకతను వారం తిరక్కుండా ఒప్పందం తెచ్చుకుని, అర్థం కాని చోట్ల గీతలు గీసి నా దగ్గరికి వచ్చాడు. రెండో అతను మా వదిన ఫోన్ నంబరు అడిగాడు. ఇవ్వలేదు.